వీడియో తీయించుకునే ముందు: ఒక గూడ్స్ గుమాస్తా మాట



పోయిన నెల మీటింగులో ముగ్గురు నలుగురు సభ్యులు అడిగినారు. "మా కంపెనీకి ఒక వీడియో తీయించాలి, ఎవరి దగ్గరికి పోవాలి, ఎంత అవుతుంది" అని. ఒకాయనది రైస్ మిల్లు, ఒకాయనది మగ్గాలు, ఒకామెది ఊరగాయల వ్యాపారం. ఎవరి దగ్గరికి పోవాలో చెప్పము. ఒకసారి చెప్పి చేతులు కాల్చుకున్నాం. పోయే ముందు ఏమి తెలుసుకోవాలో మాత్రం రాస్తాం. కొంచెం పొడవుగానే ఉంటుంది. తీరిగ్గా చదవండి.

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు మా అవ్వ తిన్నె మీద కూర్చోబెట్టి నేర్పించినవి. ఒత్తులు ఎక్కడన్నా తప్పితే దిద్దుకోండి, గ్రూపులో నవ్వకండి.

రెండేళ్ళ కిందటి సంగతి. పొదటూరుపేటలో మన సభ్యుడు ఒకాయనకు ఇరవైనాలుగు పవర్‌లూమ్ మగ్గాలు. లుంగీలు నేస్తారు. మాకు మేనల్లుడి వరస. కేరళలో ఒక హోల్‌సేల్ వ్యాపారి "మీ ఫ్యాక్టరీ వీడియో ఒకటి పంపండి, చూసి చెప్తాను" అన్నాడంట. వెంటనే మాకు ఫోను. "మామా, మీకు ఎవరన్నా తెలుసునా?"

తెలుసు. తిరువళ్ళూరులో మన సభ్యుడి కొడుకే స్టూడియో పెట్టుకున్నాడు. మంచి పిల్లోడు, కెమెరా పని వచ్చు, మన సంఘం వార్షికోత్సవం రెండుసార్లు తీసినాడు. ఇద్దరి నంబర్లు ఇద్దరికీ ఇచ్చేసినాం. మన పని అయిపోయిందనుకున్నాం. ఎనభై వేలు బేరం, నలభై వేలు అడ్వాన్సు.

నెల తర్వాత వీడియో వచ్చింది. నాలుగున్నర నిమిషాలు. మొదట తిరుత్తణి కొండ మీద సూర్యోదయం, డ్రోన్ షాట్. తర్వాత గుడి గంట. తర్వాత ముగ్గు. తర్వాత మా మేనల్లుడు చలువ కళ్ళద్దాలు పెట్టుకొని కారు దిగి స్లో మోషన్‌లో నడిచి వస్తాడు. వెనకాల సినిమా పాట. మధ్యలో టీవీ న్యూస్ తెలుగులో ఒకరు గంభీరంగా చదువుతారు, "నాణ్యతకు చిరునామా" అని. మగ్గాలు కనపడింది ఎనిమిది సెకన్లు. లుంగీ ఒక్కటి కూడా దగ్గరగా కనపడలేదు.

ఇంట్లో అందరికీ చూపించినారు. అప్పటిదాకా బాగుందనే అన్నారు. కేరళ వ్యాపారికి పంపితే ఆయన అడిగింది మూడే మాటలు. పన్నా ఎంత? రంగు దిగుతుందా? నెలకు ఒకే షేడులో ఎన్ని పీసులు ఇవ్వగలరు? నాలుగున్నర నిమిషాల్లో ఈ మూడిటికీ జవాబు లేదు. యూట్యూబులో పెడితే రెండో రోజుకే పాట హక్కుదారుల నుంచి నోటీసు వచ్చి శబ్దం ఆగిపోయింది. మూగ వీడియో అయ్యింది.

మా మేనల్లుడు మిగతా నలభై వేలు ఇవ్వనన్నాడు. పిల్లోడు ఒరిజినల్ ఫైలు ఇవ్వనన్నాడు. పిల్లోడి అక్క పెళ్ళికి ఈ ఇంటివాళ్ళు పోలేదు. మా మేనల్లుడి తల్లి, పిల్లోడి అవ్వ ఒకే ఊరి ఆడబిడ్డలు, చిన్నప్పుడు ఒకే బావిలో నీళ్ళు తోడుకున్నవాళ్ళు. తొమ్మిది నెలలు మాటల్లేవు. వార్షికోత్సవంలో ఈమె ఒక వరసలో, ఆమె ఇంకో వరసలో. నంబర్లు ఇచ్చిన మేము మధ్యలో.

అప్పుడు ఇద్దరినీ మా ఇంటికి పిలిపించినాం. "మీ ఇద్దరి మధ్య రాసుకున్న కాగితం చూపించండి" అన్నాం. కాగితం లేదు. వాట్సాప్ చూపించినారు. మావాడు రాసింది, "బాగా గ్రాండ్‌గా ఉండాల." పిల్లోడు రాసింది, "ఓకే అన్నా, అదరగొట్టేద్దాం." ఎనభై వేల రూపాయల పనికి ఒప్పందం అంతే.

మేము గూడ్స్ ఆఫీసులో ఎన్నో ఏళ్ళు కూర్చున్నవాళ్ళం. అక్కడ ఎంత పెద్ద సేఠు వచ్చినా, ఎంత తెలిసినవాడైనా, ముందు ఫార్వర్డింగ్ నోట్ నింపి సంతకం పెట్టాలి. పంపేది ఎవరు, అందుకునేది ఎవరు, ఏ స్టేషనుకు, ఏ సరుకు, ఎన్ని మూటలు, ప్యాకింగ్ ఎట్లా ఉంది. అది లేకుండా రైల్వే రసీదు పుట్టదు. సరుకు ఎక్కించేటప్పుడు మా మనిషి దగ్గరుండి లెక్క చూడకపోతే రసీదు మీద "సెయిడ్ టు కంటెయిన్" అని రాస్తాం. అంటే, లోపల ఇది ఉందని పంపినవాడు చెప్పినాడు, మేము చూడలేదు అని అర్థం. "గ్రాండ్‌గా ఉండాల" అనేది అట్లాంటి రసీదే. లోపల ఏముందో ఇచ్చినవాడికీ తెలీదు, పుచ్చుకున్నవాడికీ తెలీదు.

ఆ రోజు తప్పు పిల్లోడిదని అనుకొనే పిలిపించినాం. రెండు గంటలు కూర్చున్న తర్వాత తేలింది వేరు. సగానికి పైగా తప్పు తీయించుకున్నవాళ్ళది, అంటే మనది. ఈ వీడియో ఎవరికోసం అని పిల్లోడు ఒకసారి అడిగినాడంట. "అందరికోసం" అన్నాడంట మావాడు. కేరళ వ్యాపారి పేరే ఎత్తలేదు. అందుకునేవాడి పేరు లేకుండా బుక్ చేసిన మూట ఏ స్టేషన్లో దిగుతుంది?

ఆ తర్వాత మేము కొంచెం చదివినాం, నలుగురు పనివాళ్ళను అడిగి తెలుసుకున్నాం. అది మీకు చెప్తాం.

మొదటిది, చూసేది ఎవరు, చూసినాక వాళ్ళు ఏమి చెయ్యాలి. ఈ రెండు వాక్యాలు రాయలేకపోతే వీడియో తీయించొద్దు, డబ్బు బ్యాంకులో ఉండనీయండి. సరుకు కొనేవాడికి ఒక వీడియో, బ్యాంకు మేనేజరుకు ఒకటి, పనిలోకి రావాల్సిన కుర్రాళ్ళకు ఒకటి. మూడూ ఒకదాంట్లో కూరితే ఎవరికీ పనికిరాదు.

దీనికి మనకు తెలిసిన పెద్ద ఉదాహరణ ఉంది. 1976లో వచ్చిన 'మంథన్' సినిమా. మేము దూరదర్శన్‌లో చూసినాం. తీసిన శ్యామ్ బెనెగల్ మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టినాయన, ముందు ప్రకటనల కంపెనీలో పని చేసినాయన. ఆ సినిమాకు డబ్బు పెట్టింది గుజరాత్ పాల సహకార సంఘాల రైతులు. ఐదు లక్షల మంది, తలా రెండు రూపాయలు. మొత్తం పది లక్షలు. కథ వెనకాల అమూల్ కురియన్ గారు ఉన్నారు. కానీ సినిమా అంతా వెతికినా "మా పాలు మంచివి, కొనండి" అనే మాట ఉండదు. ఊర్లో సంఘం పెట్టాలంటే ఏమేమి అడ్డం వస్తాయో, కులం, పెత్తనం, అనుమానం, అదే చూపించినారు. ఎందుకంటే చూడాల్సింది ఇంకో ఊరి రైతు. తర్వాత ఆ సినిమా ప్రింట్లు పట్టుకొని ఊరూరా తిరిగి చూపించి సంఘాలు పెట్టించినారు. డబ్బు పెట్టినవాళ్ళు లారీలెక్కి పోయి తమ సినిమాను తాము చూసుకున్నారు. 2024లో దాన్ని బాగుచేసి కాన్ పండుగలో మళ్ళీ చూపించినారు. అదే బెనెగల్ 1987లో పోచంపల్లి నేతవాళ్ళ మీద 'సుస్మన్' తీసినారు. మగ్గాలున్న మన సభ్యులు తప్పకుండా చూడండి. మగ్గం ముందర కూర్చున్న మనిషి ముఖం ఎట్లా చూపించాలో అందులో ఉంది.

మనకు అంత పెద్ద సినిమా వద్దు. కానీ ఆ రెండు రూపాయలు పెట్టినవాళ్ళకు ఎవరికోసం తీస్తున్నారో తెలుసు. ఎనభై వేలు పెట్టిన మనకు తెలీలేదు.

రెండోది, డబ్బు ఎక్కడికి పోతుంది. షూటింగు రోజే పని అనుకుంటాం. అది సగం కూడా కాదు. ముందు వచ్చి చూసి, మాట్లాడి, రాయాలి. తర్వాత తీయాలి. తర్వాత కూర్చొని కత్తిరించి, రంగు సరిచేసి, శబ్దం సరిచేసి, అక్షరాలు వేయాలి. ఒకరు ముప్పై వేలు, ఇంకొకరు లక్ష చెప్తే, ముప్పైవాడు మంచోడు, లక్షవాడు దొంగ అనుకోకండి. ఎంతమంది వస్తారు, ఎన్ని రోజులు, రాసేది ఎవరు, ఎన్నిసార్లు మార్చిస్తారు, జీఎస్టీ ఇందులో కలిసిందా, వేరేనా, అన్నీ వరసగా రాసి ఇమ్మనండి. అప్పుడు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. టెండరు కవర్లు తెరిచినప్పుడు మేము చేసింది అదే.

మూడోది, సంతకం ఒక్కరిదే ఉండాలి. మావాడు వీడియో మొదటి కాపీని ఇంటి గ్రూపులో వేసినాడు. బామ్మర్ది డ్రోన్ ఇంకా కావాలన్నాడు. ఆడిటరు జీఎస్టీ నంబరు పెట్టమన్నాడు. చిన్నాయన తన ఫోటో లేదన్నాడు. పిల్లోడు పదకొండుసార్లు మార్చినాడు. ఒక్కోసారి ఒక్కో రోజు. గూడ్స్‌లో వ్యాగన్ ఇచ్చినాక గడువులోపల సరుకు ఎక్కించకపోతే డెమరేజ్ పడుతుంది, గంటల లెక్కన. ఎందుకంటే వ్యాగన్ ఊరికే నిలబడితే ఇంకొకడి సరుకు ఆగిపోతుంది. వీడియో పిల్లోళ్ళు మనకు డెమరేజ్ వెయ్యరు, మొహమాటం. కానీ వాళ్ళ రోజులు కూడా రోజులే. అందుకే రెండుసార్ల మార్పులు ధరలోనే, మూడోసారి నుంచి ఇంత అని ముందే రాసుకోవాలి. మాటలు కాగితం మీద ఉన్నప్పుడే ఖాయం చెయ్యాలి. కాగితం మీద కొట్టేసి మళ్ళీ రాయడానికి పెన్సిల్ చాలు. తీసినాక మార్చాలంటే మళ్ళీ కెమెరా రావాలి.

నాలుగోది, పాట. మనకు నచ్చిన సినిమా పాట మనది కాదు. రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు, రికార్డు చేసిన కంపెనీ, అందరికీ హక్కులుంటాయి. వ్యాపారం వీడియోకు లైసెన్సు ఉన్న సంగీతమే వాడాలి, ఆ లైసెన్సు కాగితం మన చేతికి రావాలి.

ఐదోది, వీడియో ఎవరిది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫిలిమ్‌కు మొదటి హక్కుదారు తీయించుకున్నవాడే, వేరేగా ఒప్పందం రాసుకోకపోతే. కానీ స్టూడియో ఇచ్చే కాగితంలో వేరేగా రాసి ఉండొచ్చు, చదవకుండా సంతకం పెట్టొద్దు. వాడకుండా మిగిలిన ఫుటేజ్ ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్ని నెలలు దాచిపెడతారు, అది విడిగా రాసుకోండి.

ఆరోది, అనుమతులు. మాకు రైలంటే ప్రాణం కాబట్టి ముందు అదే చెప్తాం. స్టేషన్లో వ్యాపారం వీడియో తీయాలంటే రైల్వే అనుమతి తీసుకోవాలి, ప్లాట్‌ఫారం టికెట్ చాలదు. గుడిలో గుడివాళ్ళ అనుమతి. డ్రోన్ సంగతి ఇంకా జాగ్రత్త. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపారం పనికి ఎగరేసేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ఎక్కడ ఎగరొచ్చు, ఎక్కడ ఎగరకూడదని డిజిటల్ స్కై మ్యాపులో రంగులు వేసి ఉంటాయి. మన పక్కనే అరక్కోణంలో నౌకాదళం విమాన స్థావరం రాజాళి ఉంది. మ్యాపు చూడకుండా ఎవరూ ఎగరేయొద్దు.

ఇవన్నీ ఎవరన్నా చెప్పగలరు. ఏడోది మాత్రం మాకు మగ్గాల షెడ్డులోనే తెలిసింది.

రాజీ ఇట్లా కుదిరింది. మావాడు ఇంకో పాతిక వేలు ఇచ్చేది, పిల్లోడు ఒక పూట వచ్చి మళ్ళీ తీసేది. ఈసారి కాగితం మేమే రాసినాం, ఫార్వర్డింగ్ నోట్ లాగా ఒక పేజీ. చూసేది కేరళ వ్యాపారి. చూసినాక శాంపిల్ అడగాలి. అంతే. షూటింగు రోజు మేమూ పోయినాం, తిరుత్తణిలో దిగి పొదటూరుపేట బస్సెక్కి. షెడ్డులోకి అడుగు పెట్టగానే ఒక ముసలాయన, ముప్పై ఏళ్ళుగా అక్కడే నేస్తున్నాయన, మా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగినాడు. "అయ్యా, ఈసారి కూడా మగ్గాలు నిలిపేస్తారా?"

ఎందుకని అడిగినాం. పోయినసారి మాటలు రికార్డు చెయ్యాలని నాలుగు గంటలు మగ్గాలన్నీ ఆపించినారంట. అక్కడ కూలి నేసినదానికే. నెయ్యకపోతే లేదు. నాలుగు గంటల కూలి పోయింది. మావాడికి తట్టలేదు. పిల్లోడికి తెలీదు. ఎనభై వేల లెక్కలో ఆ పన్నెండు మంది కూలి ఎక్కడా లేదు. స్లో మోషన్లో కారు దిగినాయన వీడియోకు వాళ్ళు కూడా డబ్బు కట్టినారు, ఎవరూ రసీదు ఇవ్వలేదు.

మేము మావాడి ముఖం చూసినాం. ఆయన తల వంచుకున్నాడు. ఆ రోజే పోయినసారి పూటకూలి, ఈసారి పూటకూలి కలిపి ఇచ్చేసినాడు. మంచోడే, ఆలోచించలేదంతే. మనలో చాలామందిమి అట్లాంటివాళ్ళమే. అప్పుడు మా కాగితంలో ఒక వరస చేర్చినాం. "పని ఆగితే కూలి ఎవరు ఇస్తారు?" ముఖాలు కనపడే ప్రతి ఒక్కరినీ ముందుగా అడగాలి, వద్దన్నవాళ్ళను తీయకూడదు, అది కూడా చేర్చినాం.

రెండో వీడియో నిమిషం యాభై సెకన్లు. మగ్గాల చప్పుడుతోనే మొదలవుతుంది. ఆ చప్పుడు కావాలనే ఉంచినాం. పడుగు ఎక్కించడం, కండెలు చుట్టడం, నాడె అటూ ఇటూ పోవడం. టేపు పెట్టి పన్నా కొలిచి చూపించడం. రంగు గుడ్డను బకెట్లో నానబెట్టి పిండితే నీళ్ళు తెల్లగా ఉండడం. ఒకే షేడు లుంగీల కట్టలు వరసగా. మావాడు వెనక గదిలో కూర్చొని, కళ్ళద్దాలు లేకుండా, మన ఇంట్లో మాట్లాడే తెలుగులోనే, నడుమ నడుమ తమిళం కలిసిన తెలుగులోనే, నెలకు ఎంత ఇవ్వగలడో, ఎంత ఇవ్వలేడో చెప్పినాడు. ఆ "ఇవ్వలేను" అన్న మాట తీసేయమని బామ్మర్ది అన్నాడు. సంతకం ఒక్కరిదే కాబట్టి ఉండిపోయింది. ఫోనులో శబ్దం పెట్టకుండా చూసేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి మాటలన్నీ కింద అక్షరాల్లో కూడా వేసినాం.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఏ అక్షరాలు? కేరళాయనకు ఇంగ్లీషు చాలు. చెన్నై, ఈరోడ్ వ్యాపారులకు తమిళం. తెలుగు అక్షరాలు వేస్తే చదివేవాళ్ళెవరు? మన పిల్లలకే రావు, సిగ్గుపడి చెప్తున్నాం. కాబట్టి ఇంగ్లీషు, తమిళమే వేసినాం. అది సరైనదే, చూసేవాడికోసం తీసే వీడియో కదా.

కానీ మావాడి తల్లి చివర్లో ఒక మాట అడిగింది. ఆమెకు ఏ అక్షరాలూ రావు. బీరువాలోనుంచి మామగారి పాత కొరనారు లెక్కల పుస్తకం తెచ్చింది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లానే కదా, లెక్కలన్నీ తెలుగులో ఉన్నాయి. మొదటి పేజీలో దుకాణం పేరు. "ఈ పేరు ఇట్లానే వెయ్యి నాయనా" అని పిల్లోడిని అడిగింది. వాడు ఆ పేజీనే ఫోటో తీసి చివర మూడు సెకన్లు పెట్టినాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

కేరళ వ్యాపారి శాంపిల్ అడిగినాడు, తర్వాత చిన్న ఆర్డరు ఇచ్చినాడు. పెద్ద ఆర్డరు ఇంకా రాలేదు. వీడియో ఒక్కటే వ్యాపారం చెయ్యదు, అది తలుపు తడుతుంది, అంతే. మావాడి తల్లీ, పిల్లోడి అవ్వా ఇప్పుడు ఫోనులో మాట్లాడుకుంటున్నారు. మాటల మధ్యలో మా పేరు వస్తే నవ్వుతారంట. నవ్వనీ.

మేము రాసిన ఆ ఒక పేజీ కాగితం, తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి, సంఘం ఆఫీసు బీరువాలో పెట్టినాం. వీడియో తీయించుకోవాలనుకునే సభ్యులు వచ్చి తీసుకోండి, డబ్బు అక్కర్లేదు. నింపుకొని పోయి, ఎవరి దగ్గరన్నా తీయించుకోండి. నింపేటప్పుడు చూసేవాడి పేరు దగ్గర "అందరూ" అని మాత్రం రాయకండి. కూలి వరస ఖాళీగా వదలకండి.

అందరికీ మంచి జరగాలి.